మాస్టారి ఏడు మార్కులు

మార్కులు అడగకూడదని కంపెనీ రూలు. అడక్కపోతే బతకలేమని టెక్నీషియన్ల అనుభవం. ఈ రెంటి మధ్యా నలిగి, దేగు ఊళ్ళో ఇంటింటికీ తిరిగి వాషింగ్ మెషీన్లూ ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసేవాళ్ళు ఒక కళ నేర్చుకున్నారు. అది ఏ శిక్షణలోనూ నేర్పరు. పని అయిపోయాక గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, కస్టమర్ మొహంలోకి సూటిగా చూడకుండా, అడిగీ అడగనట్టు అడిగే కళ అది.

రిపేరు అయిన మర్నాడు కస్టమర్‌కి కంపెనీ నుంచి ఒక ఫోన్ వెళ్తుంది. దానికి హ్యాపీ కాల్ అని ముద్దుపేరు. ఎవరికి హ్యాపీయో ఆ పేరు పెట్టినవాడికే తెలియాలి, టెక్నీషియన్‌కి మాత్రం ప్రాణసంకటం. మా మనిషి పని ఎలా చేశాడు, పదికి ఎన్ని వేస్తారు అని ఓ అమ్మాయి తియ్యగా అడుగుతుంది. పది వేస్తే బతికిపోయినట్టు. తొమ్మిదైతే సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఎనిమిదైతే పొద్దున్న మీటింగులో అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకోవాలి. అంతకన్నా తగ్గితే సెంటర్ హెడ్ మేంగ్ గారు ఆ మనిషి వైపు చూడడమే మానేస్తారు. పాపం, ఇదంతా కస్టమర్లకేం తెలుసు? "బాగానే చేశాడమ్మా, ఎనిమిది వేసుకో" అని ఉదారంగా చెప్పి, ఒక మనిషి ఉసురు పోసుకున్నామని తెలియకుండానే టీవీ పెట్టుకుంటారు.

అందుకని ఎవరి పద్ధతి వాళ్ళకుంది. బాంగ్ తేయిల్ ఉన్నాడు, నవ్వుమొహం కుర్రాడు. ఫోన్లో బోసినవ్వుల పసిపిల్ల ఫొటో తీసి చూపించి, "మా అమ్మాయండీ. మీరు పది వేస్తేనే దీనికి పాలడబ్బా" అంటాడు. వాడికి పెళ్ళే కాలేదు. ఆ పిల్ల వాళ్ళక్క కూతురు. ఇంకొకాయన బాగుచేసిన ఫ్రిజ్‌తో పాటు పక్కనున్న పొయ్యి, వీధి తలుపు కూడా తుడిచిపెట్టి, చెమట కనిపించేలా నుదురు రుద్దుకుంటాడు. పియో ఉన్‌సిల్‌కి ఇన్ని వేషాలు రావు. "రేపు ఒక ఫోన్ వస్తుందండీ. పని నచ్చితే పది అనండి, తొమ్మిదంటే మాకు సున్నా కిందే లెక్క" అనేది. ఏళ్ళ తరబడి అంటూ అంటూ ఆ మాట ఆమె నోటికి, వెళ్ళొస్తాను అన్నంత అలవాటైపోయింది.

ఉన్‌సిల్ పుట్టుకతో స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషేమీ కాదు. దేగులో నేతమిల్లులు ఒకదాని వెనక ఒకటి మూతపడిన రోజుల్లో, మగ్గాల హోరు తప్ప ఇంకేమీ తెలియని చెవులతో రోడ్డున పడింది. అప్పుడు ప్రభుత్వ వృత్తి శిక్షణ కళాశాలలో గృహోపకరణాల మరమ్మతు కోర్సు అని బోర్డు చూసి చేరింది. తరగతిలో ఆడది ఆమె ఒక్కతే. మొదటిరోజు వెనక బెంచీవాడు "క్యాంటీన్ పక్క బిల్డింగులో ఉందమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడే లోపలికొచ్చిన దో గిల్‌సాంగ్ మాస్టారు నవ్వనూ లేదు, నవ్వినవాళ్ళని తిట్టనూ లేదు. వెనక బెంచీవాణ్ణి పిలిచి, మూలనున్న మెషీన్ ఎందుకు తిరగడం లేదో చెప్పమన్నారు. వాడు చెప్పలేకపోయాడు. ఉన్‌సిల్‌ని పిలిచారు. ఆమె కూడా చెప్పలేకపోయింది. "ఇద్దరూ ఒకటే. వెళ్ళి కూర్చోండి" అన్నారు. అంతకన్నా గొప్ప ఆదరణ తన జన్మలో ఎవరూ చూపలేదని ఉన్‌సిల్ ఇప్పటికీ అంటుంది. అనేది, అనాలేమో.

మాస్టారు సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మెషీన్లని స్వయంగా పాడుచేసి పెట్టేవారు. ఆయన పాడుచేసినంత అందంగా ఏ మెషీనూ తనంతట తాను పాడవదు. పైకి మోటారు పోయినట్టుంటుంది, తీరా చూస్తే తలుపు గొళ్ళెంలో తీగ తెగి ఉంటుంది. "స్క్రూ విప్పే ముందు చెవి పెట్టు. చెవి పెట్టే ముందు ఇంటావిణ్ణి అడుగు. ఏం పాడైందని కాదు, ఏం జరిగిందని అడుగు" అనేవారు. మగ్గాల మధ్య పెరిగిన చెవి ఊరికే పోలేదు. బేరింగు అరుపుకీ బెల్టు అరుపుకీ తేడా ఆమె అందరికన్నా ముందే పట్టేది.

ఇక మార్కుల సంగతంటారా, మాస్టారు పిసినారి. ఎనిమిది దాటి ఎవరికీ వేసిన పాపాన పోలేదు. ఎవరైనా గునిసితే, "పది వేశానంటే నీకు నేర్పడానికి ఇంకేమీ లేదని అర్థం. రేపట్నుంచి రావొద్దు మరి" అనేవారు. ఆ బ్యాచ్‌లో ఎనిమిది తెచ్చుకుంది ఉన్‌సిల్ ఒక్కతే. ఆ తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్ళు ఆడమనిషి బరువులు మొయ్యలేదని తిప్పిపంపితే, మాస్టారు కోటు వేసుకుని స్వయంగా వెళ్ళి, "నా విద్యార్థి. పూచీ నాది" అని చెప్పొచ్చారు. అలా దొరికిన ఉద్యోగం అది. పండక్కీ పబ్బానికీ ఆమె ఆయన ఇంటికి వెళ్ళి మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెట్టేది. తండ్రి చిన్నప్పుడే పోయిన మనిషి. ఎవరి ముందు వంగుతోందో ఆమెకి బాగా తెలుసు.

అయితే ఒళ్ళు మాత్రం మనిషి మాట వినదు. కిందటి వేసవిలో ఒక పాత అపార్ట్‌మెంట్ పైఅంతస్తులో, వరండా రెయిలింగ్ బయట బిగించిన ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కోసం, నడుముకి తాడు కట్టుకుని సగం గాల్లో వేలాడుతూ పనిచేస్తుంటే ఉన్‌సిల్ కుడిభుజం పట్టు తప్పింది. స్పానర్ జారి కింద పార్కింగులో పడింది. మనిషి పడలేదు. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇంకో వేసవి ఇలాగే వేలాడారంటే చెయ్యి పైకి లేవదు" అని తేల్చేశాడు. చెయ్యి లేవని టెక్నీషియన్‌ని ఎవరూ తీసెయ్యరు. ఇంటి నుంచి దూరంగా పంపుతారు, పని తగ్గిస్తారు, తనంతట తానే వెళ్ళిపోయేలా చేస్తారు.

చలికాలం పోయాక కంపెనీ శిక్షణ కేంద్రంలో బోధకుల పోస్టు ఒకటి ఖాళీ అయింది. కొత్తగా చేరేవాళ్ళకి పని నేర్పాలి. రెయిలింగులు లేవు, తాళ్ళు లేవు. ఆడమనిషి ఎవరూ ఆ కుర్చీలో ఇంతవరకూ కూర్చోలేదు. మేంగ్ గారు ఉన్‌సిల్ పేరు పంపారు. పరీక్షలో ఆమెదే పైచెయ్యి. ఇక మిగిలిందల్లా హ్యాపీ కాల్ మార్కులు. ఎంపిక అయ్యేదాకా ఒక్క మచ్చ పడకూడదు. ఆ పోస్టు వస్తే ఆమె భుజం బతుకుతుంది, ఆమె బతుకుతుంది. రాకపోతే వేసవి ఎలాగూ వస్తుంది.

ఆ రోజుల్లోనే మాస్టారు ఫోన్ చేశారు. ఆయన డ్రమ్ వాషింగ్ మెషీన్ నీళ్ళు పిండేటప్పుడు ఇల్లంతా అదిరిపోతోందట. రిటైరయ్యాక ఆయన చేతులు వణకడం మొదలైంది, స్క్రూ పట్టుకోలేరు. ఉన్‌సిల్ పనిగట్టుకుని ఆ కాల్ తన పేరు మీద వేయించుకుని వెళ్ళింది.

"ఏం జరిగింది మాస్టారూ?" అంది గుమ్మంలోనే, నవ్వు దాచుకుంటూ.

"ఏం పాడైందని అడుగుతావేమోనని చూశాను" అన్నారాయన. మొహం వెలిగింది.

మెషీన్‌లో డ్రమ్ముని పట్టి ఉంచే డ్యాంపర్లు అరిగిపోయాయి. ఆమె విప్పుతుంటే మాస్టారు వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డారు, తరగతిలో నిలబడ్డట్టే. ఆమెకి అది కూడా సంతోషంగానే ఉంది. కొత్త డ్యాంపర్లు వేసి, మెషీన్‌ని గోడ దగ్గరికి జరిపి, పైన అరచెయ్యి పెట్టి మూలలు నొక్కి చూసి, కాళ్ళు సరిచేసింది. పిండే దాకా తిప్పి చూపించింది. పైన పెట్టిన గ్లాసులో నీళ్ళు కదల్లేదు.

మాస్టారు నూడుల్స్ ఉడికించారు. భార్య పోయాక నేర్చుకున్న వంట, ఉప్పు తక్కువ, ప్రేమ ఎక్కువ. కిమ్చీ పచ్చడి ముక్కలు కత్తెరతో కత్తిరించి ఆమె గిన్నెలోకి తోశారు. తింటూ తింటూ ఉన్‌సిల్ ఆ కబురు చెప్పింది.

మాస్టారు చాప్‌స్టిక్స్ కింద పెట్టేశారు. "నువ్వా? పాఠం చెబుతావా?"

"ఇంకా ఖాయం కాలేదు మాస్టారూ."

"నా దగ్గర నేర్చుకున్న పిల్ల పాఠం చెబుతుందన్నమాట! తిను, తిను. ఇంకొంచెం వేసుకో. పాఠం చెప్పడమంటే గొంతు కావాలి, కడుపు మాడ్చుకుంటే రాదు." లేచి బేరిపండు తెచ్చి, వణికే చేతుల్తోనే తొక్క తీశారు. "ఎప్పుడు తేలుతుంది?"

"ఈ నెలాఖరుకి. అంతవరకూ ఈ హ్యాపీ కాల్ మార్కులే మా మెడ మీద కత్తి. పది తప్ప ఏదీ మార్కు కాదు. మీరు మాకు ఏడు వేసినా పండగ చేసుకునేవాళ్ళం కదా, ఇక్కడ ఏడంటే ఉరే" అని నవ్వుతూ ఆ భాగోతమంతా చెప్పుకొచ్చింది. తేయిల్ ఫొటో సంగతి మాత్రం చెప్పలేదు. తోటివాడి గుట్టు.

బయల్దేరుతూ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. మనసు ఎక్కడో ఉంది, బహుశా శిక్షణ కేంద్రంలో నల్లబల్ల ముందు. నోరు దాని పని అది చేసుకుపోయింది.

"రేపు ఫోన్ వస్తుంది మాస్టారూ. పది అనండి."

అన్నాక గానీ ఎవరితో అన్నదో తెలియలేదు. చెవులు వేడెక్కాయి. మాస్టారు తలుపు తీసి పట్టుకున్నారు.

"ఊఁ. చూసుకుని వెళ్ళు" అన్నారు.

ఆ ఊఁకి ఆమె తనకి కావలసిన అర్థం చెప్పుకుంది. సొంతమనిషి కదా, తప్పుగా అనుకోరులే అనుకుంది. మెట్లు దిగుతుంటే, నా అన్నవాళ్ళు ఉండడం ఎంత అదృష్టం అని కూడా అనుకుంది. ఆ మాట తలుచుకుంటే తర్వాత ఆమెకి తన మీద తనకే కోపం వచ్చేది.

నెలాఖరులో మేంగ్ గారు ఆమెని తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. మనిషి మంచివాడే, కానీ చెడ్డ కబురు చెప్పేటప్పుడు టేబుల్ మీది పెన్నులు సర్దుతాడు. ఆ రోజు పెన్నులన్నీ వరసలో పెట్టేశాడు.

"వెళ్ళాల్సిన పేరు మీదే ఉన్‌సిల్ గారూ. దేవుడి మీద ఒట్టు. చివర్లో ఒక కాల్ దెబ్బ కొట్టింది."

"ఎన్ని?"

"ఏడు."

"ఏడైతే నేను వివరణ ఇస్తానండీ. ఏ ఇల్లో చెప్పండి, మళ్ళీ వెళ్ళి..."

"ఏడు ఒక్కటే అయితే నేనే పైవాళ్ళ కాళ్ళు పట్టుకునేవాణ్ణి." ఆయన గొంతు తగ్గించాడు. "ఈమధ్య కొత్తగా ఒక ప్రశ్న కలిపారు కదా, మార్కులు వెయ్యమని టెక్నీషియన్ అడిగాడా అని. ఆ కస్టమర్ మీరు అడిగారని చెప్పాడు. అది పెట్టిన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళో ఆ ప్రశ్నకి అవునని చెప్పిన మహానుభావుణ్ణి నేను చూడలేదు."

"ఎవరండీ?"

"చెప్పకూడదు." ఆయన ఆమె మొహం చూశాడు. ఏమనుకున్నాడో, కంప్యూటర్ దగ్గరికి వంగి, హెడ్‌ఫోన్ ఆమె వైపు తోసి, తాను కిటికీ దగ్గరికెళ్ళి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

మొదట ఫోన్ అమ్మాయి తియ్యని గొంతు. ఆ తర్వాత ఒక దగ్గు. అంతే, ఆ దగ్గుతోనే ఉన్‌సిల్‌కి మనిషెవరో తెలిసిపోయింది. పాఠం మొదలుపెట్టే ముందు ఆ దగ్గు విని నిటారుగా కూర్చోవడం ఆమె ఒంటికి అలవాటు. ఇప్పుడు కూడా, తెలియకుండానే, నిటారుగా కూర్చుంది.

"ఏడు" అంటున్నారు మాస్టారు. "కారణమా? చెబుతాను, రాసుకోండి. జబ్బు సరిగ్గా పట్టుకుంది. భాగాలు సరిగ్గా మార్చింది. కానీ ఆఖర్న మెషీన్ మట్టం చూడ్డానికి రసమట్టం వాడలేదు, అరచేత్తో చూసింది. ఆమె చెయ్యి తప్పదు, నాకు తెలుసు. అయినా పద్ధతి పద్ధతే."

"చాలా సంతోషమండీ. చివరి ప్రశ్న. మీకు మార్కులు వెయ్యమని టెక్నీషియన్ అడిగారా?"

జవాబు వచ్చేలోపు ఉన్‌సిల్ లేదనండి, లేదనండి అని మనసులో బతిమాలుకుంది, ఎప్పుడో అయిపోయిన మాటని ఇప్పుడు ఆపగలిగినట్టు.

"అడిగింది" అన్నారు మాస్టారు. "పది వెయ్యమంది."

హెడ్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. తెలియని కస్టమర్ ఎవడో అని ఉంటే తిట్టుకుని, ఓ గ్లాసు సోజు సారా తాగి, పడుకునేది. ఈ గొంతే తన మీద పూచీ పడ్డ గొంతు. ఈ చేతులే పండు వలిచి పెట్టిన చేతులు.

"పోస్టు ఎవరికండీ?" అంది చివరికి.

"తేయిల్‌కి." మేంగ్ గారు కిటికీ వైపు నుంచి తిరగలేదు. "వాడికి అన్నీ పదులే."

మెట్ల దగ్గర తేయిల్ మెషీన్ కాఫీ రెండు కప్పులు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "అక్కా, ఒట్టు, నేను పైరవీ చెయ్యలేదక్కా. నాకు పాఠం చెప్పడం ఏం తెలుసు? నువ్వు నేర్పిందే కదా నాకొచ్చింది" అన్నాడు. మొహం నిజంగానే వేలాడేసుకున్నాడు.

"వెళ్ళరా. బాగా చెప్పు. నెమ్మదిగా చెప్పు" అంది. కాఫీ తీసుకుంది గానీ తాగలేదు. వాడి మీద ఆమెకి కోపం రాలేదు. రావలసిన కోపమంతా ఒకే ఇంటి వైపు చూస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటి బెల్లు కొట్టింది. మాస్టారు వరండాలో థర్మాకోల్ పెట్టెల్లో పెంచే మిరప మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. ఆమెని చూసి మగ్గు పక్కన పెట్టి, "రా, రా. మెషీన్ నిద్రపోతున్న పిల్లిలా ఉందనుకో, చప్పుడే లేదు" అంటూ బేరిపండు కోసి పళ్ళెం ముందుకి జరిపారు. ఆమె కూర్చుంది. పళ్ళెం ముట్టలేదు.

"ఆ ఫోన్ నేను విన్నాను మాస్టారూ."

ఆయన చెయ్యి తుడుచుకున్నారు. దాచిపెట్టుకునే మనిషి కాదు. "అయితే నేనేమన్నానో తెలుసు కదా. రసమట్టం ఎందుకు వాడలేదు?"

"నేను రసమట్టం గురించి మాట్లాడ్డానికి రాలేదు."

"మరి దేని గురించి?"

"నేను అడిగానని ఎందుకు చెప్పారు?"

"అడిగావు కాబట్టి."

"ఏడంటే ఉరి అని ఇక్కడే కూర్చుని చెప్పాను. మర్చిపోయారేమోనని నన్ను నేను సముదాయించుకున్నాను. ముసలితనం, మర్చిపోయి ఉంటారు అనుకున్నాను."

"మర్చిపోలేదు." మాస్టారు గొంతు గట్టిగానే ఉంది. "గుర్తుంది కాబట్టే అలా చెప్పాను. నువ్వు మామూలు టెక్నీషియన్‌గా ఉంటే అది వేరు. రేపు పాతికమంది పిల్లల ముందు నిలబడి మార్కులు వెయ్యాల్సిన మనిషివి. గుమ్మంలో కూర్చుని మార్కులు అడుక్కున్న మనిషి రేపు వాళ్ళకి ఏ మొహంతో వేస్తుంది? అదీ ఎవర్ని అడిగావు? నన్ను! నా జన్మలో ఒక్క విద్యార్థి నా ఇంటికొచ్చి మార్కు అడగలేదు. నువ్వు ఆ మాట అన్న రాత్రి నాకు అన్నం సయించలేదు, తెలుసా?"

ఉన్‌సిల్‌కి మొదట సిగ్గేసింది. ఆయన గొంతు పెంచితే సిగ్గుపడడం పాత అలవాటు. ఆ సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. ఈసారి దాన్ని ఆపుకోలేదు.

"మీకేం మాస్టారూ. మీది ప్రభుత్వ ఉద్యోగం. మీరు మాకు మార్కులు వేశారు గానీ, మీరెలా పాఠం చెప్పారని మా ఇళ్ళకి ఎవరైనా ఫోన్ చేశారా? మీ జీతం మా నోటి మాట మీద ఎప్పుడైనా ఆధారపడిందా? ఒక్కరోజు మా చోట ఉండుంటే మీరూ అడుక్కునేవారు. నాకన్నా బాగా అడుక్కునేవారు."

"నేనా? ఎన్నటికీ అడగను!"

"అయితే పస్తులుండేవారు."

ఆమె భుజం తడుముకుంటూ అంది, "ఈ వేసవిలో మళ్ళీ నేను రెయిలింగ్ బయట వేలాడాలి. చెయ్యి లేవదని డాక్టరు చెప్పిన సంగతి కూడా మీకు తెలుసు. మీ పద్ధతి నిలబడింది. నా చెయ్యే నిలబడదు."

"ఆ మాట నువ్వు నాకు చెప్పలేదు" అన్నారాయన, మొదటిసారి తడబడుతూ.

"భుజం కట్టు మీరే విప్పి చూశారు మాస్టారూ. పండగనాడు. అప్పుడే చెప్పాను."

వరండాలో మిరప మొక్కల నుంచి నీళ్ళు కారి నేల మీద మడుగు కట్టాయి. ఉన్‌సిల్‌కి ఉన్నట్టుండి ఒక సంగతి తోచింది.

"చలికాలంలో మీ ఫ్రిజ్ పాడైనప్పుడు నేను సెలవులో ఉన్నాను. ఎవరొచ్చారు?"

"ఎవరో నవ్వుమొహం కుర్రాడు. బాంగ్ ఏదో."

"ఎన్ని వేశారు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "పది."

"వాడు రసమట్టం వాడాడా?"

"రసమట్టమా! వెనక రేకుకి రెండు స్క్రూలు బిగించకుండానే పోయాడు. నేనే చూసుకుని పక్కింటాయన చేత పెట్టించాను."

"పది వెయ్యమని అడిగాడా?"

"అడిగాడు. కూతురి ఫొటో చూపించాడు. ముద్దుగా ఉంది పాప."

"అడిగాడా అని ఫోన్లో అడిగితే?"

"లేదన్నాను."

"ఎందుకు?"

మాస్టారు ఆమె వైపు ఆశ్చర్యంగా చూశారు, ఇంత తేలిక ప్రశ్న ఎందుకడుగుతోందన్నట్టు. "ఎవరో పరాయి కుర్రాడు. వాడి పొట్ట నేనెందుకు కొట్టాలి? వాడు ఎలా పనిచేస్తే నాకేం? నువ్వు నాదానివి. నిన్ను నిజంగా దిద్దకపోతే ఇంకెవర్ని దిద్దుతాను?"

ఆయన ఆ మాట ప్రేమగానే అన్నారు. అదే ఆమె తట్టుకోలేకపోయింది. ఏడు మార్కులు వేశారంటే ఏడ్చి ఊరుకునేది. నిజం చెప్పారంటే ఆయన తీరే అంత అనుకునేది. కానీ నిజం ఆయన అందరికీ చెప్పలేదు. ముక్కూమొహం తెలియనివాడికి దయగా అబద్ధమాడి, కూతురిలా చూసుకున్న మనిషికి మాత్రం నిజాన్ని అట్టిపెట్టారు. ఇది వెన్నుపోటు. మంచితనం ముసుగేసుకొచ్చిన వెన్నుపోటు.

"నాకు రావలసిన పోస్టు ఎవరికిచ్చారో తెలుసా మాస్టారూ?"

"ఎవరికి?"

"ఆ నవ్వుమొహం కుర్రాడికి. వాడికి అన్నీ పదులేనట. మీది కూడా కలిపి."

మాస్టారి మొహంలో రంగు పోయింది. "వాడికా? స్క్రూలు బిగించనివాడికా? వాడు పిల్లలకి పని నేర్పుతాడా?"

"మీరే పది వేశారు కదా."

ఆయన పక్కనున్న ఫోన్ వైపు చెయ్యి చాచి, "నేను ఫోన్ చేస్తాను" అన్నారు. "పొరపాటు పడ్డానని చెప్తాను. నీకు పది వేసుకోమంటాను. నువ్వు అడగలేదని చెప్తాను."

"వద్దు."

"నా మార్కు, నేను మార్చుకుంటాను. ఎందుకొద్దు?"

"నాకోసం అబద్ధమాడ్డానికి ఇప్పుడా మనసొప్పింది? పోస్టు వెళ్ళిపోయింది, ఆర్డరు చేతికిచ్చేశారు. వాడు సోమవారం వెళ్తున్నాడు." ఆమె లేచి నిలబడింది. మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెట్టే చోటది. నిలబడే ఉంది. "ఆ రోజు గుమ్మంలో నా నోరు జారింది. మీ ఎదురుగా జారింది. వెంటనే నా మొహాన కొట్టినట్టు తిట్టి ఉంటే, కాళ్ళు పట్టుకుని తప్పైపోయిందనేదాన్ని. మీరు ఊఁ అన్నారు. ఊఁ అని పంపించి, వెనక నుంచి నన్ను పట్టిచ్చారు."

"ఉన్‌సిల్..."

"పాఠం ఎదురుగా చెప్తారు మాస్టారూ. మీరే అనేవారు, తప్పు కనబడ్డప్పుడే చెయ్యి పట్టుకుని ఆపాలని."

మాస్టారు వణికే చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకదానితో గట్టిగా పట్టుకున్నారు. ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి బూట్లలో కాళ్ళు దూర్చింది. ఆయన గోడ పట్టుకుంటూ వెనకే వచ్చారు. ఆమె తలెత్తి చూస్తే ఒక ముసలాయన కనిపించాడు, ఎప్పుడూ చూడనంత ముసలాయన. జాలి కలిగింది. జాలి కలిగినా కోపం తగ్గలేదు. రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి.

"పళ్ళెంలో పండు అలాగే ఉంది" అన్నారాయన. "తినేసి వెళ్ళు. లేకపోతే... మళ్ళీ ఆదివారం రా. వస్తావు కదూ?"

"మీ దగ్గర సొంతవాళ్ళ కన్నా పరాయివాళ్ళకే మంచి జరుగుతుంది" అంది ఉన్‌సిల్. "నన్ను కూడా వాళ్ళలో కలిపెయ్యండి. మెషీన్ మళ్ళీ మొరాయిస్తే సెంటర్‌కి ఫోన్ చెయ్యండి, కస్టమర్ గారూ. ఎవరికి వీలుంటే వాళ్ళు వస్తారు."

"ఏమన్నావ్?" అన్నారాయన. "నన్నేమని పిలిచావ్?"

ఆమె బయట నడవా పొడుగునా నడిచి లిఫ్ట్ బటన్ నొక్కింది. లిఫ్ట్ ఎక్కడో పైఅంతస్తులో ఆగి ఉంది, ఎంతకీ రాలేదు. వెనక తలుపు మూసుకున్న చప్పుడు వినబడలేదు కాబట్టి ఆయన ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నారని ఆమెకి తెలుసు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే మాస్టారూ అని పిలిచేస్తానేమోనని ఆమె భయం.